మొదటి కాపీ మాట్లాడిన మనిషికి

అక్క పోయిందని, ఆమెతో కలిసి సినిమాలు తీసిన సేరా ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను సూవా బజారులో దాలో దుంపలు ఏరుకుంటున్నాను. "అక్క గయా, బేటీ," అంది. దుంపలు అమ్మే ఆవిడ నా మొహం చూసి, తను కూర్చున్న స్టూలు నా వైపు జరిపింది.

షుగరు జబ్బు రెండేళ్ల కిందట అక్క కాలు తీసుకుంది. తర్వాత కిడ్నీలు పోయాయి. ఆఖరి నెలలో కూడా వార్డులో నర్సులను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఇంట్లో ఎవరు కొడతారు? నిజం చెప్పు," అని అడిగేది. నర్సులు నవ్వేవారు. వాళ్ళలో ఒకరిద్దరు నవ్వేవారు కాదు. డ్యూటీ అయ్యాక వాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చునేవారు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఫిజీలో ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. మా తెలుగువాళ్ళకి అక్క, హిందీ మాట్లాడేవాళ్ళకి అక్క, నోరు తిరగని కైవీతి ముసలమ్మలకు, అంటే ఈ దీవుల మూలవాసులకు, కూడా ఆకా. మీలో కొందరు ఆమె తీసిన సినిమాలు చూసి ఉంటారు. వాటిలో ఆమె ఎక్కడా కనిపించదు. అందుకే ఆమె గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. మా మాటలను మేము మాట్లాడుకున్నట్టే రాస్తాను. అది సగం హిందీ, సగం తెలుగు. తప్పులుంటే, చెరుకు కూలికి ఓడల్లో వచ్చిన మా తాతమ్మల దగ్గర నుంచి మాకు అంతే మిగిలిందని అనుకోండి.

అక్క ఉత్తరాన ఇంకో దీవిలో, లంబాసా దగ్గర టాబియాలో పుట్టింది. చెరుకు పొలాల మధ్య ఇల్లు. పదిహేడేళ్లకు ఇంకో చెరుకు రైతుకిచ్చి పెళ్ళి చేశారు. ఆయన సంగతి ఆమె నాకు ఎప్పుడూ ఒక్కసారిగా చెప్పలేదు. గిన్నెలు తోముతున్నప్పుడో, ఎక్కడో బస్సు కోసం నిలబడ్డప్పుడో ఒక ముక్క చెప్పేది. "చెరుకు లారీ లేటొస్తే కొడ్తాడు. టైముకొస్తే కూడా కొడ్తాడు. వాన పడితే, పడకపోతే. ఇంక నేను కారణం వెతకడం బంద్ చేసినా," అంది ఒకసారి.

ఒక కోతల కాలంలో ఆయన చెరుకు కొట్టే కత్తి తిరగేసి, దాని కర్ర పిడితో ఆమె ఎడమ చెవి మీద కొట్టాడు. రక్తం మెడ మీదుగా జాకెట్లోకి కారింది. ఆ జాకెట్టుతోనే ఒక్కతే బస్సెక్కి లంబాసా ఆసుపత్రికి వెళ్ళింది. ఆ చెవి ఇక వినిపించదని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టించుకుని బయటికి వచ్చి, టాబియా బస్సు కళ్ళ ముందే వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడింది. తర్వాత ఓడెక్కి సూవా వచ్చేసింది. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు కూడా కాలేదు.

సూవాలో పెళ్ళిళ్లూ ప్రకటనలూ తీసే చిన్న స్టూడియోలో నేల తుడిచే పని దొరికింది. అక్కడే చా కాచి ఇచ్చే పనిలో సేరా ఉండేది, కైవీతి అమ్మాయి. మా భారతీయులున్న ప్రభుత్వాన్ని సైన్యం దించేసిన మొదటి తిరుగుబాటు ఏడాది యజమాని కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. తీసుకెళ్ళలేని వాటిలో భుజం మీద పెట్టుకునే పెద్ద వీడియో కెమెరా ఒకటి. "నువ్వు రోజూ దుమ్ము తుడిచావు కదా, నువ్వే ఉంచుకో," అన్నాడట. దుమ్ము తుడుస్తూనే ఆ పదేళ్లలో దాన్ని నడపడం చూసి చూసి నేర్చుకుందని ఆయనకు తెలియదు.

ఆమె, సేరా కలిసి పెళ్ళిళ్లు తీయడం మొదలుపెట్టారు. అక్క కెమెరా, సేరా మైకు. పెళ్ళివాళ్ళు వీడియో చూసి గొడవ చేసేవారట: పెద్దలు తక్కువ, వంటింట్లో ఆడవాళ్ళు ఎక్కువ పడ్డారని. ఒక పెళ్ళిలో చపాతీలు ఒత్తుతున్న ఒక ముసలావిడ కెమెరా చూసి, "నన్ను కూడా మాట్లాడనియ్యి బిడ్డా, నలభై ఏళ్లయింది ఎవరూ అడగలే," అని తన పెళ్ళి రాత్రి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. చపాతీలు మాడిపోయాయి. టేపు అయిపోయేదాకా అక్క కదల్లేదు. తన నిజమైన పని ఆ రోజు మొదలైందని అక్క అనేది.

నేను ఆమెను కలిసింది మా ఇల్లు తగలబడ్డ తర్వాత.

మాది నవువా నది పక్క నుంచి లోపలికి వెళ్తే వచ్చే చిన్న సెటిల్మెంటు. వరి, అల్లం, దాలో. మా భారతీయుల ప్రధాని వద్దని కొందరు కైవీతి మగవాళ్ళు పార్లమెంటులో మంత్రులను బందీలుగా పట్టుకున్న ఆ ఏడాది నాకు పంతొమ్మిదేళ్లు. మధ్యాహ్నం వడ్లు ఎండబోస్తున్నాం. రోడ్డు వైపు నుంచి అరుపులు వినిపించాయి. కైవీతి మగవాళ్ళు, చాలామంది. కత్తులు, ఇనప కడ్డీలు. వాళ్ళలో ఇద్దరు మా దగ్గర పాలు కొనుక్కునేవాళ్ళు.

మొదట ఆవును నరికారు. మెడ మీద కాదు, కాళ్ళ మీద. అది కూలబడి అరుస్తుంటే మిగతా వాళ్ళు నవ్వుతూ చుట్టూ చేరారు. మా నాన్న వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. కడ్డీతో మోకాళ్ళ మీద కొట్టారు. అమ్మ ఆయన మీద అడ్డంగా పడితే ఆమె వీపు మీద రెండు దెబ్బలు కొట్టారు. ఆ రెండు చప్పుళ్ళూ నాకు ఇప్పటికీ వేరువేరుగా గుర్తున్నాయి.

అంతలో ఒకడు నా జుట్టు పట్టుకుని అల్లం కొట్టం వైపు ఈడ్చాడు. నేను మట్టిలో గోళ్ళు దిగేసి అరిచాను. నాన్న ఆ విరిగిన మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. వాడి రెండు కాళ్ళూ పట్టుకుని, వాడి బూట్ల మీద నుదురు ఆనించి, వాళ్ళ భాషలోనే బతిమాలాడు. "కెరెకెరె. కెరెకెరె. కెరెకెరె." దయచేసి, దయచేసి అని. ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. వాడు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులోనే నా జుట్టు వదిలేశాడు. పంపు, బియ్యం బస్తాలు మోసుకుని, ఇంటికి నిప్పుపెట్టి వెళ్ళిపోయారు.

సూవా వైపు ఒక గుడి హాల్లో మాలాంటి కుటుంబాలకు చోటిచ్చారు. కుటుంబానికి ఒక చాప. నాలుగో రోజున అక్క వచ్చింది. కెమెరా భుజాన వేసుకుని, పొట్టిగా, ఎర్ర రబ్బరు చెప్పులతో. ఆమె వెనక సేరా. సేరా మొహం చూడగానే హాల్లో ఆడవాళ్ళు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. సేరా గేటు దగ్గరే ఆగిపోయింది. చెప్పులు విప్పి, బయట నేల మీద కూర్చుంది.

నేను అక్క మీదికి వెళ్ళాను. "మా ఆవుని చంపినారు, మా నాన్న నడవలేడు, నువ్వు ఫోటో తీస్తావా? షరమ్ నై లగే, సిగ్గు లేదా?"

ఆమె నన్ను చూసి, కెమెరా బల్ల మీద పెట్టేసింది. "ఠీక్ బోలా, సరిగ్గానే అన్నావ్," అంది. "గిన్నెలు ఎక్కడ తోముతారు?"

రెండు రోజులు ఆమె గిన్నెలు తోమింది, కూర తరిగింది, ఎవరి బిడ్డనో ఎత్తుకుని తిరిగింది. ఆ రెండు రోజులూ సేరా గేటు బయటే ఉంది. వాన పడితే గోడవారకు జరిగేది, ఆగితే మళ్ళీ వచ్చేది. మూడో రోజున అమ్మ ఒక కప్పు చా తీసుకెళ్ళి సేరాకి ఇచ్చింది. "లోపల రా," అంది. "నిన్ను బయట పెట్టి నేను ఏం చెప్తా?"

అమ్మ కెమెరా ముందు మాట్లాడుతుంటే అక్క తన కుడి చెవి ఆమె నోటికి దగ్గరగా పెట్టి, దాదాపు ఒళ్ళోకి ఒరిగినట్టు కూర్చుంది. ఆ చెవి ఒక్కటే వినిపిస్తుందని ఎవరికీ తెలియదు. ఇంత శ్రద్ధగా తమ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదని ప్రతి ఆడదీ అనుకునేది. అలా అనుకోవడం పొరపాటు కూడా కాదు. అమ్మ అన్నీ చెప్పింది. ఆవు, కడ్డీలు, నా జుట్టు. చివర్లో అంది: "మా ఆయన వాళ్ళ బూట్ల మీద తల పెట్టినాడు అక్కా. కెరెకెరె, కెరెకెరె అన్నాడు. నా బిడ్డ కోసం. ఇరవై ఏళ్ళ సంసారంలో ఆయనకి ఇంత ప్రేమ ఉందని నాకు ఎప్పుడూ తెలవలే."

అమ్మ దాన్ని ప్రేమగా చెప్పింది. పక్కన వింటున్నవాళ్ళు దాన్ని వేరేగా మోసుకెళ్ళారు. మర్నాటికి హాలు వెనక యంగోనా, ఆ మత్తు వేరు నీళ్ళు, తాగే మగవాళ్ళ మధ్య మా నాన్నకు కొత్త పేరు పడింది. "ఆవో కెరెకెరె, బైఠో కెరెకెరె," రా, కూర్చో అని. ఆయన కర్ర ఊతతో అక్కడి నుంచి లేచి వచ్చాడు. అమ్మను వంటపాక వెనక్కి పిలిచాడు.

చప్పుడు విని నేను పరుగెత్తేసరికి ఆయన చేతిలో పొయ్యిలో పెట్టే మామిడి కట్టె ఉంది. అమ్మ మట్టిలో బోర్లా పడి ఉంది. మోకాళ్ళు సరిగా నిలవని మనిషి గోడకు ఆనుకుని మరీ కొడుతున్నాడు. "నా ఇజ్జత్ అమ్మినావ్, టేపులో పెట్టి అమ్మినావ్," అంటున్నాడు. నేను కదల్లేకపోయాను. చుట్టూ మగవాళ్ళు నిలబడ్డారు. ఒకాయన, "ఘర్ కే బాత్ హై, వాళ్ళింటి సంగతి," అన్నాడు.

అక్క నన్ను తోసుకుంటూ వెళ్ళి అమ్మకు అడ్డంగా నిలబడింది. తర్వాతి దెబ్బ ఆమెకు తగిలింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. సేరా వెనక నుంచి వచ్చి నాన్న రెండు మణికట్లూ పట్టుకుని కట్టె వదిలేదాకా నొక్కింది. అక్క కింద కూర్చుండిపోయింది. ఆమె మెడ కింద భుజం ఎముక చర్మంలోంచి పొడుచుకు వచ్చి కనిపించింది.

రెండు రోజుల తర్వాత ఆమె చేతిని మెడకు కట్టుకుని మళ్ళీ వచ్చింది. నాన్నను పోలీసులు ఒక రోజు ఉంచుకుని వదిలేశారు. అక్క నేరుగా అమ్మ చాప దగ్గరికి వచ్చి, టేపూ, అగ్గిపెట్టే ఆమె ముందు పెట్టింది.

"ఆ దెబ్బలు నా టేపు వల్ల పడ్డాయి," అంది. "ఇక్కడ అందరూ వింటున్నారని నేను చూస్కోలే. నా గల్తీ. కాల్చేయ్. నేను ఏం అనను."

అమ్మ అగ్గిపెట్టె తీసి కొంగున ముడి వేసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి జాకెట్టు పైకి లాగింది. వీపంతా నల్లగా, ఎర్రగా, అక్కడక్కడ చీలి ఉంది.

"ఇది కూడా పట్టు," అంది.

అక్క చేయి లేవదు. సేరా మైకు పట్టుకోవాలి. ఇద్దరూ నా వైపు చూశారు. నా చేతిలోకి కెమెరా మొదటిసారి వచ్చింది అలాగే. ఎలా పట్టుకోవాలో అక్క చెవిలో చెబుతుంటే, మా అమ్మ వీపును నేను తీశాను. అమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది: "ఈ రెండూ ఉ లోగ్, ఆ గుంపువాళ్ళు కొట్టినవి. ఇవన్నీ మా ఆయన కొట్టినవి. చూస్తే మీకు తేడా తెలుస్తుందా?" కెమెరా కదిలిపోయింది. సినిమాలో ఇప్పటికీ ఆ బొమ్మ ఊగుతూనే ఉంటుంది. తర్వాత ఎంత మంచి బొమ్మలు తీసినా, అక్క దాన్ని మళ్ళీ తీయనివ్వలేదు.

ఆ తర్వాత చాలామంది మాట్లాడారు. గుంపులు కొట్టినవీ, ఇంట్లోవాళ్ళు కొట్టినవీ ఒకే నోటితో చెప్పారు. అమ్మానాన్నలు మా ఊరు తిరిగి వెళ్ళి, కాలిన చోటే రేకులతో ఇల్లు లేపుకున్నారు. నేను వెళ్ళలేదు. సూవాలో అక్క గదిలో ఉండి ఎడిటింగు నేర్చుకున్నాను. ఆమె మంచి గురువు కాదు. మాట బిరుసు, మెచ్చుకోవడం రాదు. బాగా చేస్తే ఏమీ అనేది కాదు, తప్పు చేస్తే వీధి చివరి దాకా వినిపించేది. "అడిగినాక నోరు మూస్కో" అన్నది మాకు ఆమె నేర్పిన మొదటి పాఠం. ప్రశ్న అడిగి, జవాబు ఆలస్యమైతే మనం మాట్లాడి నింపేస్తాం కదా, అలా చేస్తే చేతి మీద గట్టిగా కొట్టేది. ఒకరోజు నేను, "అందరినీ కొట్టొద్దంటావు, నన్ను కొడతావు," అన్నాను. ఆమె మొహం పాలిపోయింది. అప్పటి నుంచి మా ఎవరి మీదా చేయి చేసుకోలేదు. తిట్లు మాత్రం రెట్టింపయ్యాయి.

సినిమా సగం అయ్యాక మా తెలుగువాళ్ళ సంఘం కార్యదర్శి ఒకాయన వచ్చాడు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. హాలు ఇస్తామన్నాడు, విదేశాల నుంచి వచ్చేవాళ్ళకు చూపిస్తామన్నాడు.

"అమ్మా, గుంపు చేసిందంతా ఉంచండి. లోకం చూడాలి. ఆ రెండో భాగం మాత్రం వద్దు. మనింటి సంగతులు పైవాళ్ళకు చూపిస్తే, చూశారా, వీళ్ళు కూడా అలాంటివాళ్ళే అంటారు. మన కేసు పాడైపోతుంది."

"మన కేసా?" అంది అక్క. "ఆ 'మన'లో ఆడవాళ్ళు ఉన్నారా, నై?"

ఆయన ఆలోచించుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆలోచించింది నేను. మా అమ్మ వీపును పెద్ద తెర మీద మా వాళ్ళందరూ చూస్తారు. నన్ను చేసుకోబోయేవాళ్ళూ చూస్తారు. అక్క బయటికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆ భాగం మొత్తం తీసేసి, ముందూ వెనకా అతికించేశాను. చాలా నున్నగా అతుక్కుంది. ఆమె వచ్చి చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను.

"బాగా చేసినావ్. అతుకు కనపడలే," అంది. నన్ను ఆమె మెచ్చుకున్నది అదే మొదటిసారి. "నవువా బస్సెక్కు. మీ అమ్మని అడుగు. వద్దంటే నేనే తీసేస్తా. నీకోసం మాత్రం తియ్యను."

వెళ్ళాను. అమ్మ వాకిట్లో కూర్చుని కసావా దుంప తురుముతోంది. నాన్న పాక మీద రేకు బిగిస్తున్నాడు, మా మాటలు వినిపించేంత దూరంలో. నేను గొంతు తగ్గించి అడిగాను. అమ్మ గొంతు తగ్గించలేదు.

"నా వీపు నాది. నీది కాదు, మీ నాన్నది కాదు, ఆ సంఘంవాళ్ళది కాదు. ఉండనియ్యి."

పాక మీద సుత్తి చప్పుడు ఆగిపోయింది. నాన్న నిచ్చెన దిగి, నా వైపు చూడకుండా, కుంటుకుంటూ పొలంలోకి వెళ్ళిపోయాడు. ఆయన ఆ తర్వాత అమ్మను ఎప్పుడూ కొట్టలేదు. ఎందుకని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

సంఘం హాలు ఇవ్వలేదు. సినిమా పూర్తయ్యాక అక్క ఎవరికీ చూపించకముందే చేసిన పని ఒకటుంది. మాట్లాడిన ప్రతి ఆడదానికీ ఒక కాపీ చేయించి, బస్సుల్లో, పడవల్లో తిరిగి, తన చేత్తో ఇచ్చి వచ్చింది. మాకు టేపులే చాలని రోజులు. నేను విసుక్కుంటే, "మొదటి కాపీ మాట్లాడిన మనిషికి. తర్వాతే లోకానికి," అంది. కొందరి ఇళ్ళలో టేపు వేసే మెషీను కూడా లేదు. అయినా ఇచ్చింది.

మరో వారంలో ఐదుగురు మగవాళ్ళు మా గదికి వచ్చారు. పట్టపగలు, కింద కొట్లన్నీ తెరిచే ఉన్నాయి. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు. అక్కనూ నన్నూ మూలకు తోశారు. సేరాను మాత్రం మధ్యలో నిలబెట్టారు. వాళ్ళ కోపమంతా ఆమె మీదే. తమ జాతి ఆడది అయ్యుండి వీళ్ళకు మైకు పట్టిందని. చెంపల మీద కొట్టారు, కింద పడేశాక కడుపులో తన్నారు. అక్క వాళ్ళ మీదికి దూకితే ఒకడు ఆమె మెడ పట్టుకుని గోడకు అదిమి ఉంచాడు. ఎడిటింగు మెషీన్లను గొడ్డలితో పగలగొట్టారు. టేపులన్నీ గోనె సంచుల్లో వేసుకుని వెళ్ళిపోయారు. సేరా నోట్లోంచి రెండు పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. నేను వాటిని ఏరి రుమాల్లో కట్టాను. ఎందుకు కట్టానో తెలియదు.

ఆసుపత్రిలో అక్క మొదటిసారి నా ముందు ఏడ్చింది. "నేనే తెచ్చినా దీన్ని ఈ పనిలోకి," అంది. సేరా వాచిన నోటితో, "నువ్వు తేలే. నేనే వచ్చినా. నా పేరు కూడా నువ్వే తీస్కుంటావా?" అంది. ఆ తర్వాత సినిమాల్లో ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో, ఒకే సైజులో పడ్డాయి.

కాపీలు గుర్తు చేసింది మా అమ్మ. సేరాకు సూప్ తీసుకుని ఆసుపత్రికి వచ్చి, పిండి డబ్బా మూత తీసి, పిండిలోంచి టేపు బయటికి లాగింది. మెషీను లేని ఇల్లు మాది. పిండి దులిపి అక్క చేతిలో పెట్టింది. రా జిల్లా నుంచి, రారవాయి చక్కెర మిల్లు కూలీల లైన్ల నుంచి, లంబాసా నుంచి మిగతావి కూడా వచ్చాయి. చీరల మడతల్లో, బియ్యం డబ్బాల్లో దాచినవి. ఏ ఒక్కటీ పోలేదు.

మొదటి ప్రదర్శన సేరా వాళ్ళ ఊరి చర్చి హాల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం. బట్టల ఫ్యాక్టరీ అమ్మాయిలు, మా సెటిల్మెంటు ఆడవాళ్ళు, ఆ ఊరి ముసలమ్మలు. అమ్మ వీపు తెర మీదికి వచ్చినప్పుడు నేను నేల చూస్తూ కూర్చున్నాను. అమ్మ తెర వైపే చూసింది. అయిపోయాక ఒక కైవీతి ముసలమ్మ నిలబడింది. సేరా ఆమె మాట మాకు చెప్పింది.

"ఇసా, అయ్యో. ఆ మాటల్లో ఉన్న కడ్డీవాడు, పాలు కొనుక్కునేవాడు, మా చెల్లెలి కొడుకు. అదే కడ్డీతో వాడు పెళ్ళాన్ని కూడా కొడతాడు. ఆ పిల్ల ఇక్కడే ఉంది. భయపడుతోంది. నేను ముందు మాట్లాడతాను."

అక్క ఆ ముసలమ్మ పక్కకు జరిగి, కుడి చెవి దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. మా రెండో సినిమా అక్కడే, ఆ బెంచీ మీదే మొదలైంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పైన పని చేశాం. మొగుళ్ళు వదిలేసినవాళ్ళు, పొలం లీజు పోయిన రైతుల కూతుళ్ళు, చదువు మధ్యలో ఆపేసినవాళ్ళు, ఎందరో ఆమె దగ్గర కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. వాళ్ళలో కొందరు ఇప్పుడు వార్తలు రాస్తున్నారు. పత్రికలవాళ్ళంతా పనికిరారన్న ఆడవాళ్ళు వాళ్ళు. నాకు మాత్రం ఆమె పదేళ్ళదాకా సొంతంగా సినిమా తీయనివ్వలేదు. దాని మీద మేమిద్దరం ఒక ఏడాది మాట్లాడుకోలేదు. ఆఖరికి నేను తీసింది చూసి, "సౌండు బాగుంది," అంది. సౌండు సేరాది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. అప్పుడు ఏడ్చాను.

టాబియా నుంచి ఆమె భర్త చావు కబురు వచ్చిన రోజున అక్క ఏం చేస్తుందా అని మేమందరం చూశాం. పొయ్యి మీద కూర కలుపుతూనే ఉంది. "ఆయన ఎందుకు కొట్టినాడో అడుగుదామని కెమెరా తీస్కుని రెండుసార్లు ఓడ దాకా పోయినా," అంది. "రెండుసార్లూ తిరిగొచ్చినా. ఆ ఒక్క ఇంటర్వ్యూ నా చేత కాలే." ఆమెలో నేను చూసిన భయం అదొక్కటే. మాకు దాచకుండా చెప్పింది. అందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

గురువారం అంత్యక్రియలు. సూవా వాన పట్టిందంటే వదలదు, పొద్దుటి నుంచి ఆగలేదు. శ్మశానం గేటు నుంచి రేకుల కప్పున్న చితి దాకా బురద దారి. అక్క ఉన్న పెట్టెను ఆడవాళ్ళం మేమే మోస్తామని ముందే చెప్పాం. పురోహితుడు అభ్యంతరం చెప్పలేదు గానీ, నిప్పుకుండ ఎవరు పట్టుకుంటారని అడిగాడు. బిడ్డలు లేని మనిషి. మా అమ్మ చెప్పులు విప్పి ముందుకు వచ్చి, కుండ ఎత్తుకుంది.

నాన్న కూడా వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, కర్ర పట్టుకుని. పెట్టె దగ్గరికి వచ్చి ఒక కొన పట్టుకోబోయాడు. సేరా ఆయన చేతి మీద చేయి పెట్టి ఆపింది. "నువ్వు నై," అంది, మెల్లగా. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను.

ఆయనను నేను క్షమించానని ఇక్కడ రాయడం లేదు. నేను చూసింది మాత్రం రాస్తున్నాను. భుజం మీద పెట్టె బరువుతో తలెత్తితే, మా ముందు అమ్మ వట్టి కాళ్ళతో బురదలో నడుస్తోంది. కుండలో నిప్పు వానకు చిటపటమంటోంది. పొగ ఆమె మొహానికి కొడుతున్నా ఆమె తల తిప్పుకోవడం లేదు. ఆమె పక్కన ఒక అడుగు వెనగ్గా నాన్న, కుంటుకుంటూ, గొడుగు పట్టుకున్న చేతిని ముందుకు చాచి నడుస్తున్నాడు. గొడుగు అమ్మ మీద లేదు, ఆయన మీదా లేదు. ఆ కుండ మీద ఉంది. తెల్ల చొక్కా తడిసి ఆయన వీపుకు అంటుకుపోయింది. దారి పొడుగునా ఆయన చేయి కిందికి దిగలేదు, నిప్పు ఆరలేదు.